వేలిముద్ర వేసే ముందు

పిడుగురాళ్ల పేరు చెబితే ఎవరికైనా సున్నం బట్టీలు గుర్తొస్తాయి. 2011లో మాత్రం ఆ ఊరు మరో కారణంతో పత్రికలకెక్కింది. అప్పటికి అది గుంటూరు జిల్లాలోనిదే. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022లో. అక్కడి పేదింటి ఆడవాళ్లు కొందరు హైదరాబాద్ వెళ్లి, యాక్సిస్ క్లినికల్స్ అనే సంస్థలో రొమ్ము క్యాన్సర్‌కి వాడే ఒక మందు పరీక్షలో పాల్గొన్నారు. వాళ్లకు క్యాన్సర్ లేదు. కొత్తగా తయారుచేసిన మాత్ర పాత మాత్రతో సమానంగా రక్తంలో కలుస్తోందా లేదా అని తెలుసుకునే పరీక్ష అది. బయో ఈక్వివలెన్స్ అంటారు. మాత్ర మింగిస్తారు, గంటలు లెక్కపెట్టి రక్తం తీస్తారు, చివర్లో కొంత డబ్బు చేతిలో పెడతారు. ఇలాంటి పరీక్షలను చట్టం అనుమతిస్తుంది. గొడవంతా సమ్మతి దగ్గర వచ్చింది. చదువు రాని ఆడవాళ్ల చేత ఏం చెప్పి సంతకాలు పెట్టించారన్న ప్రశ్న లేచింది. సమ్మతి తీసుకున్న పద్ధతిలో లోపాలున్నాయంటూ కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు ఆ ఏడాదే ఆ సంస్థకు అలాంటి పరీక్షలు చేసేందుకున్న అనుమతిని నిలిపివేశారు.

ఆ ఆడవాళ్లు తమ కాళ్ల మీద నడిచి బస్సెక్కినవాళ్లు. వాళ్లను అక్కడికి పంపింది డబ్బు అవసరం. వెన్నుపాముకు దెబ్బ తగిలి మంచాన పడ్డ మనిషిని నడిపించేది అంతకంటే చాలా పెద్ద అవసరం. అతను మళ్లీ లేవాలి. కొద్దిపాటి డబ్బు ముందే అంత తేలిగ్గా జారిపోయిన సమ్మతి, లేచి నిలబడాలన్న కోరిక ముందు ఎంతసేపు నిలుస్తుంది? వెన్నుపాము దెబ్బల మీద పరిశోధన చేసేవాళ్లందరూ, అట్లాంటాలోనైనా ఢిల్లీలోనైనా, ముందు జవాబు చెప్పుకోవాల్సింది దీనికే.

మన గుంటూరు, పల్నాడు మైదానాల్లో వెన్ను విరిగే దారులు అందరికీ తెలిసినవే. మోకు తెగి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, చేను గట్టు ఎక్కబోయి తిరగబడ్డ ట్రాక్టరు కింద నలిగిన రైతు, మిరప కోతలకు కూలీలను కిక్కిరిసి ఎక్కించుకుని బోల్తా పడ్డ ఆటో, మార్టూరు చిలకలూరిపేట మధ్య జాతీయ రహదారి మీద అర్ధరాత్రి బైకు, కట్టుబడి పనిలో కూలిన పరంజా, మిర్చి యార్డులో టిక్కీ బస్తా భుజాన వేసుకుని కాలు జారిన ముఠా కూలీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన భూమ్మీద కోటిన్నర మందికి పైగా వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నారు. మన దగ్గర వాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న మగవాళ్లు, సంపాదించే చేతులు. అందుకే ఇంటికి దెబ్బ ఒక్కసారి తగిలి ఊరుకోదు. ఆసుపత్రి ఖర్చు ఒక వైపు, ఆగిపోయిన కూలి ఒక వైపు, పక్కన కూర్చోవాల్సిన భార్యదో తల్లిదో పోయిన కూలి ఇంకో వైపు.

వెన్నుపాము పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలంత లావు ఉంటుంది. దెబ్బ తగిలిన క్షణంలో నలిగేది కొంతే. ఆ తర్వాత గంటలు, రోజుల పాటు వాపు వస్తుంది, రక్తం అందక కణాలు చస్తాయి, చస్తున్న కణాల్లోంచి వెలువడే రసాయనాలు పక్క కణాలను కూడా చంపుతాయి. ఈ రెండో విడత నష్టాన్ని ఆపగలిగితే కొంత మిగిలేది కదా అన్నది సగం పరిశోధనకు మూలం. పోయిన చోట కొత్త కణాలు పెట్టడం, మిగిలిన తీగలకు కరెంటు ఇచ్చి మేల్కొల్పడం మిగతా సగం.

ఇందులో ఒక చిక్కుంది, అది తెలియకపోతే ఈ రంగంలో జరిగే మోసాలూ అర్థం కావు, నిజాయితీ గల పరిశోధన ఎందుకంత నిదానమో కూడా అర్థం కాదు. దెబ్బ తగిలిన కొత్తలో వెన్నుపాము మొత్తంగా మూగబోతుంది. స్పైనల్ షాక్ అంటారు దీన్ని. దెబ్బ తగిలిన చోటికి కింద నిజానికి బతికే ఉన్న భాగం కూడా కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు, ఏ ప్రతిచర్యా చూపదు. ఆ తర్వాత షాక్ తొలగిపోతుంటే కాలు అదరడం, వేలు కదలడం, తొడ మీద చల్లదనం తెలియడం మొదలవుతాయి. ఏ మందూ ఇవ్వకపోయినా ఇది జరుగుతుంది. దెబ్బ తీవ్రతను డాక్టర్లు ఎ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా కొలుస్తారు. ఎ అంటే కింది భాగంలో స్పర్శ గానీ కదలిక గానీ బొత్తిగా లేని స్థితి. అలాంటి వంద మందిలో సుమారు ఎనభై మంది ఏడాది తర్వాత కూడా ఎ లోనే ఉంటారు. మిగతా ఇరవై మందిలో సగం మందికి కొంత స్పర్శ, సగం మందికి కొంత కదలిక తిరిగొస్తాయి. బి, సి తరగతుల్లో ఉన్నవాళ్లలో మెరుగు ఇంకా ఎక్కువ.

ఇక ఆ మొదటి నెలల్లో పసరు పోసినవాడు, తాయెత్తు కట్టినవాడు, లక్షలు తీసుకుని మూలకణాల సూది వేసినవాడు, ప్రతి ఒక్కరి దగ్గరా లేచి కూర్చున్న రోగి ఒకడు ఉండనే ఉంటాడు. వాన పడి మొలిచిన పైరును చూపించి ఎరువుల కొట్టువాడు తన గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందిది. రోగి అబద్ధం చెప్పడు. అతను నిజంగానే మెరుగయ్యాడు. ఎందువల్ల మెరుగయ్యాడో అతనికి తెలియదు, సూది వేసినవాడికీ తెలియదు. తెలుసుకోవాలంటే ఆ చికిత్స అందని, అదే రకం దెబ్బ తగిలిన మరో గుంపును పక్కన పెట్టి పోల్చాలి.

ఆ మాట రాసినంత సులువు కాదు చెప్పడం. "మీ అబ్బాయికి మందు పడుతుందో, ఉత్త నీళ్లే పడతాయో చీటీ తీసినట్టు నిర్ణయమవుతుంది, మాక్కూడా తెలియదు" అని వార్డు వరండాలో నిలబడ్డ తండ్రికి చెప్పాలి. శస్త్రచికిత్స పరిశోధనలో ఇది ఇంకా కష్టం. పోలిక గుంపు వాళ్లకు కూడా వీపు కోసి, లోపల ఏమీ పెట్టకుండా కుట్టెయ్యాలా? కొయ్యకపోతే, కోసిన గుంపులో ఆశ చేసే మేలునూ కణాలు చేసే మేలునూ విడదీయలేం. కోస్తే, లాభం లేదని తెలిసీ ఒక మనిషిని మత్తుకూ ఇన్‌ఫెక్షన్‌కూ గురిచేసినట్టే. దీని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కోతకు బదులు, ఫలితం కొలిచే డాక్టరుకు ఎవరు ఏ గుంపో తెలియకుండా దాచి కొలవడమే కొంత మెరుగని నాకనిపిస్తుంది. అది పూర్తి సమాధానం కాదు.

పోలిక సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ కథ ఒక్కటి చాలు. ఇది స్టెరాయిడ్. 1990లో అమెరికాలో నాస్సిస్-2 అనే పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. దెబ్బ తగిలిన 8 గంటల లోపు ఎక్కువ మోతాదులో ఈ మందు ఎక్కిస్తే మేలు కనిపిస్తోందన్నారు. పత్రికలో అచ్చు కాకముందే కబురు డాక్టర్లకు చేరింది, ప్రపంచమంతటా వాడకం మొదలైంది. తీరా నిదానంగా చదివినవాళ్లు పట్టుకున్నదేమిటంటే, మొత్తం రోగులను కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. 8 గంటల దగ్గర ఒక గీత గీసి ఇవతలివాళ్లను విడిగా చూసినప్పుడే మేలు కనబడింది. మరోవైపు ఇన్‌ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం వంటి ముప్పులు నిజమైనవి. మందు మీద నమ్మకం లేకపోయినా, ఇవ్వకపోతే కేసు పెడతారేమోనన్న భయంతో ఇస్తున్నామని సర్వేల్లో చాలామంది సర్జన్లు ఒప్పుకున్నారు. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు దీన్ని వాడొద్దని మార్గదర్శకాల్లో రాసేసరికి ఇరవై మూడేళ్లు గడిచాయి. ఇక్కడ ఎవరి వేలిముద్రా దొంగతనంగా తీసుకోలేదు. ఫలితాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం కూడా నైతిక తప్పిదమేనన్న సంగతి ఆ రోగులందరి మీదుగా తెలిసొచ్చింది.

సమ్మతి ఎప్పుడు అడగాలన్నది ఇంకో ముడి. 2010 అక్టోబరులో అమెరికాలోని జెరాన్ కంపెనీ మానవ పిండ మూలకణాల నుంచి తయారుచేసిన కణాలను మొట్టమొదటిసారి ఒక మనిషి వెన్నుపాములోకి ఎక్కించింది. చోటు అట్లాంటాలోని షెపర్డ్ సెంటర్. ఆ ప్రయోగం నిబంధనల ప్రకారం దెబ్బ తగిలిన ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య కణాలు పడాలి. అంతకు ముందైతే గాయం వాపుతో మండుతుంటుంది, తర్వాతైతే మచ్చ గట్టిపడుతుంది. శాస్త్రపరంగా ఆ లెక్కలో తప్పు పట్టలేం. కానీ ఆ వారంలో మనిషి ఏ స్థితిలో ఉంటాడు? అప్పుడే పెద్ద ఆపరేషన్ అయి ఉంటుంది, నొప్పి తెలియకుండా మత్తుమందులు నడుస్తుంటాయి. నిన్నటి దాకా పరుగెత్తిన కాళ్లు ఇవి కావన్న సంగతే ఇంకా మనసుకెక్కలేదు. అలాంటి మనిషికి పేజీలకు పేజీల పత్రం ఇచ్చి, శరీరంలోకి ఒకసారి వెళ్లాక వెనక్కి తీయలేని కణాల గురించి నిర్ణయం చెప్పమంటారు.

మొదటి వారాల్లో పరిశోధనే వద్దనడం తేలిక. అలా అంటే, ఆ వారాల్లోనే పనిచేసే చికిత్స ఎన్నటికీ దొరకదు. నాకు తోచిన మేరకు అడగాల్సిన పద్ధతి మారాలి. ఒకసారి చెప్పి, రెండు రోజులు ఆగి, మళ్లీ చెప్పి, "మీకు ఏమర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. అతను చెప్పేది "నన్ను నడిపిస్తారంట" అయితే, సంతకం ఉన్నా సమ్మతి లేనట్టే. తొలి దశ ప్రయోగం చూసేది ముఖ్యంగా హాని జరుగుతుందా లేదా అన్నదే. మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. పరిశోధనను చికిత్స అనుకోవడం చదువు లేనివాళ్ల పొరపాటు మాత్రమే కాదు, ఇంజనీర్లూ లెక్చరర్లూ కూడా అలాగే అనుకుంటారు.

జెరాన్ ప్రయోగం ఇంకో పాఠం మిగిల్చింది. కొద్దిమందికి కణాలు ఎక్కించాక, 2011 నవంబరులో కంపెనీ ఆ ప్రయోగాన్ని డబ్బు కారణంగా ఆపేసింది. కణాలు చెడు చేశాయని కాదు, పెట్టుబడి క్యాన్సర్ మందుల వైపు మళ్లింది. వెన్నులో కణాలు మోస్తున్న మనుషులు మాత్రం మిగిలారు. వాళ్లను ఏళ్ల తరబడి గమనించే ఏర్పాటు ముందే ఉండబట్టి సరిపోయింది. సమ్మతి పత్రంలో "కంపెనీ మూతపడితే?" అన్న ప్రశ్నకు జవాబు వెతికే అలవాటు మనకు ఇంకా లేదు.

ఈ మూత వ్యవహారం ఇంతకంటే ఘోరంగా జరిగిన సందర్భం ఉంది. మెడ దగ్గర దెబ్బ తగిలి చేతివేళ్లు పడిపోయినవాళ్లకు, కండరాలకు చిన్న కరెంటు ఇచ్చి పిడికిలి బిగించేలా చేసే ఫ్రీహ్యాండ్ అనే పరికరం ఒకటి వచ్చింది. శరీరం లోపల అమర్చాలి. అమెరికా ప్రభుత్వం 1997లో ఆమోదించింది. రెండు వందల మందికి పైగా అమర్చుకుని స్పూను పట్టుకున్నారు, పెన్ను పట్టుకున్నారు. 2001లో న్యూరోకంట్రోల్ అనే ఆ కంపెనీ ఈ వ్యాపారం మానుకుంది. తీగ తెగితే మార్చేవాళ్లు, విడిభాగం పాడైతే ఇచ్చేవాళ్లు కరువయ్యారు. చెయ్యి రెండోసారి పోవడం ఎలా ఉంటుందో ఆ ఇళ్లవాళ్లకే తెలియాలి.

తొలి ప్రయోగాలకు ఎలాంటి రోగులను ఎంచుకోవాలన్నదాంట్లో కూడా నీతి ఉంది. జెరాన్ ఎంచుకున్నది ఛాతీ భాగంలో పూర్తిగా దెబ్బతిన్నవాళ్లను. అక్కడ ప్రయోగం వికటించి దెబ్బ ఒక మెట్టు పైకి పాకినా, కోల్పోయేది వీపు మీద బెత్తెడు స్పర్శ. మెడ దగ్గర అలా కాదు. మెడలోని ఆరో నరం దాకా పనిచేసే మనిషికి మణికట్టు పైకి లేస్తుంది. ఏడోది కూడా ఉంటే మోచెయ్యి చాపగలడు, మంచం మీద నుంచి వీల్‌చెయిర్‌లోకి తనంతట తాను జరగగలడు. ఒక్క మెట్టు దక్కితే ఇంట్లో ఇంకొకరి మీద ఆధారపడాల్సిన పని సగం తప్పుతుంది. ఒక్క మెట్టు పోతే? పైన మూడు, నాలుగు, అయిదు నరాలు ఊపిరి తీయించేవి. కొంత స్పర్శో కదలికో మిగిలి ఉన్నవాడికైతే ఉన్నది కూడా పోవచ్చు. "పోయేదేముంది, ఎలాగూ పోయింది కదా" అనేవాళ్లు ఈ లెక్క తెలియకనే అంటారు.

పోయేది ఉంటుందనడానికి ఇంకో సాక్ష్యం. ముక్కు లోపలి పొరలో వాసన నరాల దగ్గరుండే కణాలకు జీవితాంతం మళ్లీ పుట్టే గుణముంది. వాటిని తీసి వెన్నులో పెడితే నరాలు పెరగొచ్చన్న ఆలోచనతో లిస్బన్‌లో శస్త్రచికిత్సలు చేశారు. అక్కడ చేయించుకున్న ఒక అమెరికా యువతికి ఎనిమిదేళ్ల తర్వాత నడుములో నొప్పి మొదలైంది. తెరిచి చూస్తే వెన్నులో ఒక గడ్డ, ముక్కులో ఊరినట్టే అందులో చీమిడి లాంటి జిగురు ఊరుతోంది. 2014లో ఈ కేసు వైద్య పత్రికలో వచ్చింది. కాలు రాలేదు. బీజింగ్‌లో గర్భస్థ పిండాల నుంచి తీసిన కణాలను వందలమందికి ఎక్కిస్తున్న రోజుల్లో, వెళ్లివచ్చిన ఏడుగురిని బయటి డాక్టర్లు ముందూ వెనకా పరీక్షించి 2006లో రాశారు. మెదడు పొరల వాపు సహా సమస్యలు అయిదుగురికి వచ్చాయి, చెప్పుకోదగ్గ మేలు ఎవరికీ కనబడలేదు. ఇంకో సంగతి వెళ్లేవాళ్లకు ఎవరూ చెప్పరు. ఒకసారి వెన్నులో కణాలు వేయించుకున్నవాళ్లను రేపు వచ్చే నిజమైన ప్రయోగాల్లో చాలావాటిలోకి తీసుకోరు.

మన దేశంలో దీనికి నిబంధనలు లేవనుకోవడానికి వీల్లేదు. మూలకణాల మీద భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, 2007లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2017లో మళ్లీ సవరించింది. రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప, మిగతా ఏ జబ్బుకైనా మూలకణాలు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయని అందులో తేటగా ఉంది. అంటే వెన్నుపాముకు ఎక్కించాలంటే ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్ లోపలే ఎక్కించాలి, రోగి దగ్గర పైసా తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క ఊరూరా తెలిస్తే సగం వ్యాపారం పడిపోతుందని నా నమ్మకం. ఎకరం అమ్మి "ప్యాకేజీ" కట్టమన్నారంటే అది పరిశోధన కాదు. పరిశోధనైతే ఖర్చు వాళ్లది, దారి ఖర్చులూ వాళ్లవే. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. ప్రతి ట్రయలూ సీటీఆర్‌ఐ అనే బహిరంగ రిజిస్టరులో నమోదు కావాలి. 2009 నుంచి అది తప్పనిసరి. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. నంబరు అడిగితే మొహం మాడ్చుకునే చోటికి ఎలాగూ వెళ్లనవసరం లేదు.

ఇదే దేశంలో పద్ధతిగా చేసినవాళ్లూ ఉన్నారు. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది యుద్ధంలో తూటా తగిలి వీల్‌చెయిర్‌కు పరిమితమైన మేజర్ అహ్లూవాలియా ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ స్థాపించారు. అక్కడి డాక్టర్లు ముక్కు పొర మార్పిడిని కొద్దిమంది రోగుల్లో ప్రయత్నించి, ఫలితం కనబడలేదని 2009లో రాశారు. ఎముక మజ్జ కణాలతో చేసినదాంట్లోనూ మేలు తేలలేదనే చెప్పారు. పత్రికల మొదటి పేజీల్లోకి ఇలాంటి వార్త రాదు. కానీ ఆ రోగులు వీపు కోయించుకున్నందుకు ప్రతిఫలంగా లోకానికి దక్కింది ఆ "లేదు" అన్న మాటే. దాన్ని దాచిపెడితే వాళ్ల నొప్పంతా వృథా, పైగా ఇంకో ఊళ్లో ఇంకొకరికి అదే కోత.

ఇక మన వార్డుల సంగతి. గుంటూరు పెద్దాసుపత్రి లాంటి చోట మూలకణాల ప్రయోగం కంటే ఎక్కువగా కనిపించే పరిశోధన పీజీ విద్యార్థి థీసిస్. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ ఒకటి రాయాలి. కోత ఉండదు, సూది ఉండదు, ప్రశ్నల కాగితం ఉంటుంది. "మూత్రం తెలుస్తోందా? విరేచనం? భార్యతో కలయిక?" పక్క మంచానికీ ఈ మంచానికీ మధ్య తెర కూడా లేని వార్డులో, అత్తగారు కాళ్ల దగ్గర కూర్చుని ఉండగా అడిగితే అతనేం చెబుతాడు? "బానే ఉంది సార్" అంటాడు. పరిశోధనకు అబద్ధం దొరికింది, మనిషికి సిగ్గు మిగిలింది. అందుకు ఒక తెర, పది నిమిషాల ఏకాంతం చాలు.

సమ్మతి అడిగినప్పుడు ఇక్కడ వినిపించే జవాబు "మీరెట్టా చెబితే అట్టాగే సార్". అడిగేది రోజూ కట్టు మార్చే డాక్టరే అయినప్పుడు కాదంటే ఏమవుతుందోనన్న భయం అందులో ఉంటుంది. పేరు తీసేయమన్నా చికిత్స ఆగదని పత్రంలో రాసి ఉన్నా, గౌరవంతో చేతులు కట్టుకు నిలబడేవాడికి ఆ వాక్యం చెవికెక్కదు. వైద్యం చేసే డాక్టరు కాకుండా వేరొకరు అడగడం మేలని నీతి మార్గదర్శకాలు ఊరికే చెప్పలేదు.

రెండోది, అడిగేది ఎవరిని? వెన్నుపాము తెగినవాడి మెదడుకు ఏమీ కాలేదు. తలకు కూడా దెబ్బ తగిలితే తప్ప, నిర్ణయం తీసుకునే శక్తి అతనికి నిన్నటిలాగే ఉంది. అయినా కాగితం మంచం దగ్గరికి రాదు, వరండాలో మామగారి దగ్గరికో బావమరిది దగ్గరికో వెళుతుంది. కుటుంబంతో చర్చించడం మన పద్ధతి, అందులో తప్పేం లేదు. చర్చలో అతన్ని లేకుండా చేయడమే తప్పు. మెడ దెబ్బ తగిలినవాళ్ల విషయంలో ఇంకో విడ్డూరముంది. చదువుకున్నవాడైనా సంతకం పెట్టలేడు, చెయ్యి లేవదు. అతని బొటనవేలికి సిరా పూసి ఇంకొకరు కాగితానికి నొక్కితే అది ఎవరి సమ్మతి? చదవడం, రాయడం వీలుకాని వారి విషయంలో తటస్థ సాక్షి మొదటి నుంచీ చివరి దాకా ఉండి, అంతా విని సంతకం చేయాలని నిబంధన. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల మీద సరికొత్త మందుల ప్రయోగమైతే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి కూడా.

వీడియో దాకా వచ్చామంటే దాని వెనుక మన ఉమ్మడి రాష్ట్రపు చరిత్ర కూడా ఉంది. 2009లో భద్రాచలం ప్రాంతంతో సహా అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు పద్నాలుగు వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశీలన కింద సూదులు వేశారు. కొందరు పిల్లల మరణాలతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక సమ్మతి పత్రాల లెక్క బయటపెట్టింది: రెండు వేల ఏడు వందలకు పైగా పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టల్ వార్డెన్లవి. మందు మంచిదే కావచ్చు, అడగాల్సినవాళ్లను అడగలేదు. ఆ ఏడాదే సుప్రీంకోర్టు క్లినికల్ ట్రయల్స్ మీద కేసులో సమ్మతిని రికార్డు చేయాలంది.

నిబంధనలు పట్టించుకోని విషయం ఇంకొకటుంది, మిరప కోతలు. వెన్నుపాము పరిశోధనలో పాల్గొన్నవాడు ఒకసారి వచ్చిపోతే సరిపోదు. మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి పరీక్షలకు రావాలి. అతను ఒంటరిగా రాలేడు. వినుకొండ నుంచో గిద్దలూరు నుంచో వీల్‌చెయిర్‌తో బస్సెక్కడం కుదరదు, కారు మాట్లాడాలి. తోడు భార్య రావాలి. జనవరి నుంచి మార్చి దాకా కోతల్లో ఆమె కూలే ఇంటికి ఆధారం. పరిశోధకుల క్యాలెండరులో "ఆరు నెలల ఫాలోఅప్" అని పడ్డ తేదీ ఫిబ్రవరిలో వస్తే, ఆ ఇల్లు రాదు. "ఫాలోఅప్‌కు రాలేదు" అని పుస్తకంలో రాస్తారు, ఫలితాల్లో ఆ పేరు మాయమవుతుంది. చివరికి మిగిలేది కారున్నవాళ్ల కాళ్ల లెక్క. దారి ఖర్చు, తోడు వచ్చినవాళ్ల పోయిన కూలి ఇవ్వడం ప్రలోభం కిందికి రాదు. ఎక్కువ డబ్బు ఎరగా చూపకూడదన్న జాగ్రత్తను పట్టుకుని, న్యాయంగా రావాల్సినదాన్ని కూడా ఎగ్గొట్టడం ఎక్కడి నీతి? పరిశోధకుడే వాళ్ల ఊరు వెళ్లొచ్చు కదా. కొలవాల్సింది స్పర్శ, కండరబలం. దానికి కావాల్సింది దూది, గుండుసూది, తర్ఫీదు పొందిన చెయ్యి.

భార్య గురించి ఇంకో మాట. "సంరక్షకుల భారం" అని ఆమెను కూడా కొలుస్తారు, నిద్ర ఎంత, ఏడుపు ఎంత అని ప్రశ్నలేస్తారు. అప్పుడు ఆమె కూడా పరిశోధనలో మనిషే, ఆమెను కూడా విడిగా అడగాలి. మొగుడి కాగితంతో పాటు ఆమె సమ్మతి రాదు.

గోప్యత మన ఊళ్లలో ఇంకా కష్టం. పేరు తీసేసి "తాటిచెట్టు మీంచి పడిన 34 ఏళ్ల గీత కార్మికుడు, ఫలానా మండలం" అని వైద్య పత్రికలో రాస్తే ఆ మండలంలో ఎవరికి తెలియదు? నగరంలో పేరు తీసేస్తే మనిషి దాగుతాడు, పల్లెలో వృత్తీ ప్రమాదమే పేరు. పడక పుండు ఫొటో తీసేటప్పుడు నడుము మీది పుట్టుమచ్చ కూడా పడుతుంది. ఇవన్నీ చూడాల్సింది ఎథిక్స్ కమిటీ.

గుంటూరు వైద్య కళాశాల అయినా, మంగళగిరి ఎయిమ్స్ అయినా, మనుషుల మీద పరిశోధనకు ఇలాంటి కమిటీ ఆమోదం కావాలి. క్లినికల్ ట్రయల్స్ చూసే కమిటీలో ఏడుగురికి తగ్గకుండా ఉండాలి, సగం మంది బయటివాళ్లు, అధ్యక్షుడు బయటివాడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు. ఫలానా జబ్బుల వాళ్ల మీద పరిశోధన అయినప్పుడు వాళ్ల ప్రతినిధిని పిలవొచ్చని కూడా మార్గదర్శకాల్లో ఉంది. పిలవొచ్చు అనే ఉంది, పిలవాలి అని లేదు. అది మారాలంటాను, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్లకూ వీల్‌చెయిర్‌లో ఉన్నవాళ్లకూ కావాల్సినవి వేరువేరు. 2004లో కిమ్ ఆండర్సన్, తనూ వెన్నుపాము దెబ్బతో వీల్‌చెయిర్‌లో ఉన్న శాస్త్రవేత్త, 681 మందిని అడిగి చూసింది: ఏది తిరిగొస్తే మీ బతుకు బాగుపడుతుంది? మెడ దెబ్బ తగిలినవాళ్లు మొదట చెప్పింది చేతులు. నడుము కింద పడిపోయినవాళ్లు మొదట చెప్పింది లైంగిక జీవితం. మలమూత్రాల అదుపు రెండు గుంపులకూ ముఖ్యమే. నడక మొదటి స్థానంలో లేదు. పరిశోధనకు డబ్బు పెట్టేవాళ్ల, పేపర్లకెక్కే ఫొటోల దృష్టి మాత్రం ఎప్పుడూ నడక మీదే.

అదే ప్రశ్న మన వార్డులో, తెర వేసి, అత్తగారిని కాసేపు టీకి పంపి అడిగితే, ఏ మందు పరీక్షించాలో కమిటీ కంటే ముందు రోగే చెబుతాడు. మూత్రానికి గొట్టం మార్చుకునే విధానం, పుండ్లు పడని పరుపు, జ్వరం రాని నెల. వాటి మీద ట్రయల్ చేయడానికి పిండ కణాలు అక్కర్లేదు, ఒక పీజీ విద్యార్థి థీసిస్ సరిపోతుంది.